మూలలు చూసే మనిషి

వంటింటి బల్ల మీద ఎమ్మెట్ లాస్కో ఆరో అట్టపెట్టె మూత తీశాడు. అన్నీ ఆటగాళ్ల బొమ్మలున్న పాత బేస్‌బాల్ కార్డులు. ఒక్కోదాన్నీ కిటికీ వెలుగుకి ఎత్తి, మూలలూ అంచులూ మడతలూ చూసి కుప్పలు పోస్తున్నాడు. విడిగా వెల కట్టేవి ఒకవైపు, కట్టలుగా కొనేవి ఇంకోవైపు. అమెరికాలో యాక్రన్ ఊరి చుట్టుపక్కల ఇళ్లకి వెళ్లి ఇలా కార్డులు కొనడం, ముప్ఫై ఏళ్లుగా ఇదే పని.

ఇవాళ మాత్రం ఒక్కోదాన్నీ రెండేసి సార్లు చూడాల్సి వస్తోంది. మార్చి నుంచి చూపు నడిమధ్య బూడిదరంగు మచ్చ, ఎటు చూస్తే అటే వస్తోంది. పోయిన నెల, అరుగుదల దాచడానికి అంచు కత్తిరించిన కార్డుని మంచిదనుకుని కొన్నాడు. సంగతి పొక్కితే ఇక ఎవరూ పిలవరు. ఆ భయంతో తక్కువ వెల చెప్పి ఈ ఇంటివాళ్లని ముంచేస్తానేమోనని మరో భయం.

ఎదురుగా ఇంటావిడ వెర్నా కూర్చుంది. పక్కగదిలో మంచం పట్టిన ఆమె భర్త ఆర్విల్ ఆయాసం తెరిచిన తలుపులోంచి వినిపిస్తోంది. కార్డులు ఆయనవే.

అడుగున, దళసరి తొడుగులో, 1952 నాటి కార్డు. లాస్కో దాన్ని దగ్గరికీ దూరానికీ జరిపాడు. కళ్లల్లోని మచ్చ తప్ప ఏమీ కనబడలేదు.

"ఏమయ్యా బేరగాడా, నోరు పడిపోయిందా?" అన్నాడు ఆర్విల్ గదిలోంచి.

లాస్కో కార్డుని బల్ల మీద పెట్టేశాడు. "కనబడటం లేదు పెద్దాయనా," అనేశాడు. "నా కళ్లు పోతున్నాయి."

వెర్నా బిత్తరపోయింది. గదిలోంచి నవ్వు, దగ్గు.

"ముందే ఏడవొచ్చుగా! రాసుకో. కింద ఎడమ మూల నలిగింది, మా చెల్లి కొరికింది. అచ్చులో బొమ్మ కుడికి జరిగింది. అంచులకి కత్తెర తగల్లేదు."

లాస్కో కార్డుని తొడుగులోంచి తీసి వేలికొనతో తడిమాడు. ఆ మూల మెత్తగా తగిలింది.

ఆ తర్వాత విడిగా పెట్టిన ఒక్కో కార్డు మీదా ఆటగాడి పేరు వెర్నా చదవడం, ఆర్విల్ లోపం చెప్పడం, లాస్కో వెల కట్టి రాసుకోవడం. తన సరుకుకి తనే ఇన్ని వంకలు పెట్టే మనిషిని అతను ఎన్నడూ చూడలేదు.

పదిహేడో కార్డుకి జవాబు రాలేదు. వెర్నా ఆ ఆటగాడి పేరు మళ్లీ చదివింది, గట్టిగా. ఆయాసం కూడా వినబడలేదు. ఇద్దరికీ లేవాలంటే భయం వేసింది.

చివరికి లాస్కో లేచి లోపలికి వెళ్లాడు. ఆర్విల్ గోడవైపు తిరిగి ఉన్నాడు, ఊపిరి ఆగిపోయింది. వెర్నా వెనకాలే వచ్చి, ఆయన చెయ్యి పట్టుకుని మంచం అంచున కూలబడింది.

"మళ్లీ వస్తానమ్మా," అన్నాడు లాస్కో. "కళ్లున్నవాణ్ని ఎవరినైనా తోడు తెచ్చుకుంటాను."

"వద్దు. ఆయన చెప్పింది రాసుకున్నారుగా. అదే వెల."

దిండు మీద, చెవిలోంచి జారిపడిన వినికిడి యంత్రం ఇంకా సన్నగా ఈల వేస్తూనే ఉంది.