లోపలికి వాలిన రెప్ప

ఆ ఇస్త్రీ దుకాణంలో పెట్టె వేడెక్కేలోగా రోజూ మరో పని జరుగుతుంది. వీధి అంతా ఇస్త్రీ పెద్దమ్మ అని పిలిచే ముసలామె వెలుతురుకు ఎదురుగా పీట వేసుకుని మొహం పైకెత్తుతుంది. కోడలు ముళ్ళు తీసే పట్టకారుతో అత్తగారి రెప్పవెంట్రుకలు ఒక్కొక్కటే పీకుతుంది.

"కదలకండి అత్తయ్యా. ఇదొక్కటి మహా మొండిగా ఉంది."

"నీ అత్తకంటేనా? పీకవే!"

ఇద్దరూ నవ్వుకుంటారు. తర్వాత పెద్దమ్మ మేకుకు వేలాడే తువ్వాలుతో కళ్ళు తుడుచుకుంటుంది. కోడలూ మనవరాలూ మొహాలు తుడుచుకునేదీ దానితోనే. ఊరివాళ్ళ బట్టలు ఎవరివి వారికి విడివిడిగా మూటకట్టే ఇంట్లో మొహాలకు మాత్రం ఒకటే తువ్వాలు. చూసేవారికి ఇదంతా అత్తాకోడళ్ళ అన్యోన్యంలా కనిపిస్తుంది. కానీ అక్కడ ఒక మనిషి చూపు మెల్లగా ఆరిపోతోంది.

అమ్మలారా, అయ్యలారా, కంటికి రెప్పే కాపలా అంటాం. ఆ రెప్పే లోపలికి తిరిగి, వెంట్రుకలతో నల్లగుడ్డును రోజంతా గీకుతుంటే అది కంచె చేను మేసినట్టే కదా! పెద్దమ్మకు కొన్నేళ్ళుగా జరుగుతున్నది అదే. కంట్లో ఇసుక పోసినట్టు ఒకటే మంట. ఎడమకంటికి తెల్లటి పొర కమ్మింది. ఆసుపత్రి మాట ఎత్తితే చాలు, కోడలి మీద విరుచుకుపడేది.

"కంట్లో కత్తి పెట్టించుకోమంటావా? ఉన్న చూపు కాస్తా పోతే గోడలు తడుముకుంటూ బతకాలి. వెంట్రుకే కదా, పీకితే పోతుంది!"

అందరూ దాన్ని మొండితనం అనుకునేవారు. అది వట్టి భయం. గదిలో ఎవరూ లేనప్పుడు కళ్ళు మూసుకుని, చీకట్లో నడవడం ఎలా ఉంటుందోనని ఆమె అప్పుడప్పుడూ చేతులు చాచి చూసుకునేది. రెండడుగులు వేసేసరికి కళ్ళు తెరిచేసేది.

ఒక మధ్యాహ్నం ఆమె తెల్ల దుప్పటి పరిచి, ఇస్త్రీపెట్టె ఎత్తింది. దుప్పటి మీద తెల్లగా ఏదో కనిపించింది. ముడత అనుకుని దాని మీదికే పెట్టె దించబోయింది.

"నానమ్మా!"

ఆ కేకకు ఆమె చెయ్యి పక్కకు తిరిగింది. దుప్పటి కమిలి పొగలేచింది. ఆమె ముడత అనుకున్నది, పొడుగు చేతుల తెల్ల గౌను వేసుకున్న మనవరాలు నానమ్మకు సాయం చేద్దామని గుడ్డ సరిచేస్తూ చాచిన చెయ్యి. పెద్దమ్మ అక్కడే కూలబడింది. పిల్ల వేళ్ళను ఒక్కొక్కటే తడిమి, ముద్దు పెట్టుకుని, మళ్ళీ తడిమింది.

"పదవే, ఆసుపత్రికి పోదాం," అంది కోడలితో, పిల్ల చెయ్యి వదలకుండానే.

డాక్టరమ్మ రెప్పలు తిరగేసి చూసింది.

"చిన్నప్పుడు కళ్ళు ఎర్రబడి ఊసులు కట్టేవా, పెద్దమ్మా?"

"ఇంటిల్లిపాదికీ కట్టేవి తల్లీ."

"దాన్ని ట్రకోమా అంటారు. చేతులు, ఈగలు, అందరూ వాడే తువ్వాలు, వీటివల్ల ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది. మళ్ళీ మళ్ళీ వస్తే రెప్ప లోపల మచ్చకట్టి బిగుసుకుంటుంది, అంచును లోపలికి లాగేస్తుంది. కొందరికి ముసలితనంలో రెప్ప వదులైనా ఇలాగే తిరుగుతుంది. మీరు గడ్డి పీకుతున్నారు గానీ, ఒరిగింది గట్టు. పీకేటప్పుడు విరిగినవి మళ్ళీ మొలిస్తే ముళ్ళలా గుచ్చుకుంటాయి."

తర్వాత పక్కనే ఉన్న మనవరాలి రెప్ప కూడా తిరగేసింది. లోపల ఎర్రగా, చిన్న చిన్న గింజలు.

"పాపకూ మొదలైంది," అంది.

పెద్దమ్మ పిల్లను దగ్గరికి లాక్కుంది. "నా పాపం దీనికి అంటుకుందా?"

"ఎవరి నుంచి ఎవరికో చెప్పలేం. దీనికి ఇప్పుడైతే మందు చాలు. ఇంట్లో ఎవరి తువ్వాలు వారిదిగా పెట్టుకోండి, మొహాలు శుభ్రంగా కడుక్కోండి. కత్తి కావలసింది మీకు."

"కన్ను కోస్తారా?"

"కంటి జోలికే పోను. రెప్పకు మత్తు ఇచ్చి, రెప్పను కోసి, అంచు బయటికి తిప్పి కుడతాను. ఎడమకంటి తెల్లమచ్చ మాత్రం దీనితో పోదు. ముదరకుండా చూస్తాం. కుడికన్ను దక్కుతుంది."

"ముందే వచ్చుంటే?"

"రెండూ దక్కేవి."

ఆపరేషన్ బల్ల మీద పెద్దమ్మకు మెలకువగానే ఉంది. మత్తుసూది చురుక్కుమంది. ఆ తర్వాత నొప్పి లేదు గానీ, రెప్పను ఎవరో లాగుతున్నట్టు, దారం బిగిస్తున్నట్టు తెలుస్తూనే ఉంది. కత్తెర చప్పుడు వినిపించినప్పుడల్లా ఇక చీకటేననుకుంది. నర్సు చేతిని గోళ్ళు దిగేలా పట్టుకుంది.

కట్టు విప్పాక కుడికన్ను మూసి తెరిచింది. వెంట్రుకలు గీకలేదు. మళ్ళీ మూసి తెరిచింది. ఎడమకంటి ముందు తెల్లదనం అలాగే ఉంది. ఆమె సంతోషానికి ఏడ్చిందో, పోయినదానికి ఏడ్చిందో కోడలికి తెలియలేదు.

కుట్లు తీయించుకున్న రోజు వరండాలో ఒకావిడ సంచి చంకన పెట్టుకుని, ఆపరేషన్ గది ముందు నుంచి గేటు వైపు గబగబా పోతోంది. ఆమె కళ్ళ వెంట నీళ్ళు ధారలు కడుతున్నాయి.

"ఎక్కడికమ్మా?" అని పెద్దమ్మ అడ్డం నిలబడింది.

"భయమేస్తోంది పెద్దమ్మా. మళ్ళీ ఎప్పుడైనా వస్తాలే."

"నేనూ అలాగే అన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నదాన్ని. ఇదిగో, ఈ ఎడమకన్ను చూడు. కత్తి దీన్ని తాకనైనా తాకలేదు. దీన్ని తినేసింది నేను వేసిన వాయిదాలే." పెద్దమ్మ ఆమె చంకలోని సంచి తీసి తన చేతికి తగిలించుకుంది. "భయపడు, ఎవరొద్దన్నారు? కానీ ఆ భయంతో ఇంటికి పోకు తల్లీ, దానితోనే లోపలికి నడువు. నువ్వు బయటికొచ్చేదాకా నేనిక్కడే కూర్చుంటాను."