చేతులెత్తేశాడు

పొట్టకూటికి వెళ్లిన తెలుగు తెలియని చోట, లాండ్రీలో ఇస్త్రీ యంత్రం మూత ఊడిపడి అన్న అరచెయ్యి కాలిపోయింది. మూత నిలవడం లేదని వదిన ముందే మేనేజరుకు చెప్పింది. ఆమె కూడా అక్కడే దుప్పట్లు మడతపెడుతుంది. విచారణలో సాక్ష్యం చెప్పాల్సిన నాడు ఆమెకు తోడుగా ఆడపడుచు వెళ్లింది.

గదిలో అధికారి, మేనేజరు, దుబాసీ ఉన్నారు. దుబాసీకి అధికారి భాష గడగడా వచ్చు. తెలుగు మాత్రం చిన్నప్పుడు ఇంట్లో చెవినపడ్డదే.

వదిన చెప్పడం మొదలుపెట్టింది. "బాగుచేయించండని ఎన్నిసార్లో మొత్తుకున్నాను. చివరికి మేనేజరు చేతులెత్తేశాడు."

మేనేజరు తన మీద చెయ్యెత్తాడని ఈమె అంటోందంటూ దుబాసీ అధికారికి చెప్పాడు.

మేనేజరు ముఖం జేవురించింది. తాను ఏ ఆడమనిషినీ కొట్టలేదనీ, అక్కడ కెమెరా ఉంది, చూసుకోమనీ అన్నాడు. అధికారి రాయడం ఆపి వదినను అదోలా చూశాడు. ఎందుకో తెలియని వదిన, చెప్పింది నిజమేనన్నట్టు తలూపింది.

ఆడపడుచుకు ఒళ్లు మండింది. లేచి నిలబడింది. కానీ ఆమెకొచ్చిన ఆ భాష కూరగాయల బేరానికీ బస్సు టికెట్టుకూ సరిపోయేది. కొట్టలేదు, చేతులు పైకి, కాదన్నాడు అంటూ ముక్కలుముక్కలుగా చెప్పేసరికి అధికారి మరింత గందరగోళపడ్డాడు. బంధువులు మాట్లాడకూడదు, కూర్చోమన్నాడు. తెలిసిన సంగతే నోట్లో ఇరుక్కుపోవడంతో ఆమెకు తన మీద కూడా కోపమొచ్చింది.

అయినా కూర్చోలేదు. ఇంకో దుబాసీ కావాలన్న ముక్క మాత్రం తప్పుల్లేకుండా వచ్చింది. అదే పట్టుకుని మళ్లీమళ్లీ అడిగింది. చివరికి అధికారి విచారణ వాయిదా వేశాడు.

ఒక్క మాటకే ఇంత రాద్ధాంతమా అని వరండాలో దుబాసీ విసుక్కున్నాడు.

"చేతులెత్తేయడమంటే నావల్ల కాదనడం. తెలియకపోతే మా వదిననే అడగాల్సింది."

"నాకు తెలుగు అర్థమవుతుందండీ."

"మీకు ఆ భాషే వచ్చు, నాకు ఈ భాషే వచ్చు. కానీ నేను దుబాసీనని చెప్పుకుని కుర్చీలో కూర్చోలేదు."

అతను వెళ్లిపోయాడు.

తర్వాతిసారి దుబాసీగా వచ్చిన పెద్దావిడ, వదిన మళ్లీ ఆ మాటే అన్నప్పుడు తొందరపడలేదు. "నావల్ల కాదన్నాడనేగా అమ్మా?" అని అడిగి, వదిన ఔనన్నాకే అధికారి వైపు తిరిగింది. తప్పు లాండ్రీదేనని తేలింది.

కానీ ఈలోగా మేనేజరు కొట్టాడని చెప్పిందన్న మాట పాకి, లాండ్రీలో వదినకు అబద్ధాలకోరన్న పేరొచ్చింది. తిరిగి పనిలోకి వెళ్లిన రోజు దుప్పటి రెండో కొస పట్టుకోవడానికి ఎవరూ రాలేదట. ఒక్కతే బల్ల మీద పరిచి మడతపెట్టుకుందట. ఆ సంగతి విన్న ఆడపడుచు ఆ పూట అన్నం ముట్టలేదు. మొదటి దుబాసీ ఇప్పటికీ ఆ విచారణ గదిలోనే పనిచేస్తున్నాడు.