మొదటి నీళ్ళు

వాల్వు తిప్పగానే వడపోత తొట్టిలో ఇసుక అడుగు నుంచి నీళ్ళు పొంగి మురికిని పైకెత్తాయి. బూడిదరంగు నురగ తొట్టి అంచు దాటి కాలవలోకి జారుతుంటే, పెద్దాయన పంట్లాం మోకాళ్ళ దాకా మడిచి చూస్తూ నిలబడ్డాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళ పని. అయినా పసిపిల్లకు నీళ్ళు పోస్తున్నవాడిలా అంతే జాగ్రత్త.

రెండు రోజుల వానకి చెరువునీళ్ళు మసకబారి ఇసుక మూసుకుపోయింది. అందుకే వేళకాని వేళ ఈ కడుగుడు.

ఫోన్ మోగింది. ఇంజనీరమ్మ.

"బాబాయ్, ఊరంతా బిందెలతో నా నెత్తినెక్కి కూర్చుంది. ఆసుపత్రి ట్యాంకు కూడా అడుగంటింది. వదిలేయకూడదూ?"

"కడిగిన ఇసుక సర్దుకోవాలమ్మా. మొదటి నలభై నిమిషాల నీళ్ళు కాలవకే. పదకొండు దాటాకే ఊరికి."

"క్లోరిన్ కలుపుతున్నాంగా!"

"పొట్టలో చేరి విరేచనాలు పట్టించే పురుగుల గుడ్లు క్లోరిన్‌కి చస్తే నాకీ ఉద్యోగమెందుకు తల్లీ? అవి ఇసుకకే చిక్కుతాయి."

కొత్తలో ఒకసారి, ఎవరో తొందరపెడితే పది నిమిషాలకే వదిలేశాడు. వారం తిరక్కుండా ఊళ్ళో పిల్లలకు విరేచనాలు. వాళ్ళలో తన కూతురూ ఉంది. బతికింది, ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి. పదకొండు రోజులు చెంచాతో దానికి నీళ్ళు తాగించిన చేయి మాత్రం మళ్ళీ ఎవరి మాటకూ తొందరపడలేదు.

పదీ ఇరవైకి కాలవ గొట్టం తెరిచి స్టూలు మీద కూర్చున్నాడు. పొద్దున భార్య దెప్పిన మాట గుర్తొచ్చింది. "ఊరందరికీ నీళ్ళు వడకడతారు. ఇంట్లో టీ వడకట్టమంటే సగం పొడి గ్లాసులోనే!" నవ్వుకున్నాడు. ఛాతీలో ఏదో పట్టేసినట్టయింది. మెల్లగా లేచి ఊరి వాల్వు దాకా వెళ్ళొచ్చి, గోడకు తల ఆనించుకున్నాడు.

పదీ యాభైకి ఇంజనీరమ్మ స్కూటర్ దిగింది. పోట్లాడదామనే వచ్చింది. "బాబాయ్" అని రెండుసార్లు పిలిచి, మూడోసారి భుజం తట్టింది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఊపిరి లేదు. ఆసుపత్రికి ఫోన్ చేస్తే బండి పంపుతామన్నారు.

కళ్ళు తుడుచుకుని ఊరి వాల్వు దగ్గరికి నడిచింది. చక్రానికి ఆయన తువ్వాలు రెండు ముళ్ళు వేసి కట్టి ఉంది, ఎంత తొందరలో ఉన్న చేయయినా ఒక్క క్షణం ఆగేట్టు. ఆమె గడియారం చూసుకుంది. ఇంకా ఏడు నిమిషాలు. తిరిగొచ్చి ఆయన పక్కనే నేల మీద కూర్చుంది.

పదకొండు దాటాక ముళ్ళు విప్పి, తువ్వాలు భుజాన వేసుకుని చక్రం తిప్పింది. నీళ్ళు హోరుమంటూ ఊరివైపు కదిలాయి. తువ్వాలు ఆమె భుజం మీదే ఉండిపోయింది, ముడి పడినచోట మడతలు ఇంకా విచ్చుకోకుండా.