అరవై ఆరేళ్ల పాప

మనవరాలు కుసుమతో కొలంబో వెళ్లేది తానేనని తేలిన రోజు నుంచి సులోచనకు ఒక చోట కూర్చోబుద్ధి కావడం లేదు. పదేళ్ల కుసుమ అక్కడ చెస్ పోటీల్లో ఆడబోతోంది. తోడుగా ఇంట్లోంచి ఒక్కరే రావచ్చన్నారు. కొడుకు అనుదీప్‌కు ఆఫీసులో సెలవు దొరకలేదు. కోడలు నవతకు బ్యాంకులో ఆడిట్ పడింది. అలా ఆ అవకాశం, ఇంతవరకూ విమానమే ఎక్కని సులోచన ఒళ్లో వచ్చి పడింది. అశోక్‌నగర్‌లో పాలు పోసేవాడికి, ఇస్త్రీ చేసేవాడికి, ఆఖరికి దారి అడిగిన కొత్త మనిషికి కూడా తాను లంకకు పోతున్న సంగతి చెప్పేసింది.

అమ్మానాన్నలు లేకుండా పిల్ల దేశం దాటుతోంది కనుక ఇద్దరూ సంతకాలు చేసిన అనుమతి పత్రం, దాని మీద నోటరీ ముద్ర కావాలని నిర్వాహకులు చెప్పారు. అనుదీప్ ఆఫీసు పని మధ్యలోనే ఇంటర్నెట్‌లో ఒక నమూనా వెతికి, గబగబా పేర్లు నింపి ప్రింటు తీసుకొచ్చాడు. ఇంట్లో ఎవరూ దాన్ని చదవలేదు.

శనివారం నలుగురూ నారాయణగూడలో నోటరీ ఉమాకాంత్ దగ్గరికి వెళ్లారు. ఏ కాగితమైనా పైకి చదవనిదే ముద్ర వేయని పెద్దాయన ఆయన. ఇంగ్లిషులో ఉన్నదాన్ని సులోచన కోసం తెలుగులో చెప్పడం మొదలుపెట్టాడు.

“మా పాప సులోచన, వయసు అరవై ఆరు, కుమారి కుసుమ సంరక్షణలో కొలంబో వెళ్లడానికి మేము మనస్ఫూర్తిగా ఒప్పుకుంటున్నాం.” కళ్లద్దాల మీదుగా ఒకసారి అందరినీ చూసి, మొహంలో ఏ మార్పూ లేకుండా ముందుకు సాగాడు. “ప్రయాణంలో పాప తిండి, మందులు, నిద్ర బాధ్యతంతా కుమారి కుసుమదే.”

కుసుమ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవత గోడ వైపు తిరిగింది, కానీ ఆమె భుజాలు ఊగుతూనే ఉన్నాయి. సులోచనకు కడుపులో పుట్టిన నవ్వు ఎంత బిగపట్టినా ఆగక కళ్లలోంచి నీళ్లయి కారింది. అనుదీప్ చెవులు ఎర్రబడ్డాయి. పేర్లు తారుమారయ్యాయని, ఇప్పుడే దిద్దుకొస్తానని గొణిగాడు.

“దిద్దుకురా బాబూ,” అన్నాడు ఉమాకాంత్. “గని మీ అమ్మను జూస్తుంటే నాకు గిదే కరెక్టనిపిస్తున్నది.”

దాంతో వెనక వరుసలో తమ వంతు కోసం కూర్చున్నవాళ్లు కూడా నవ్వేశారు. సులోచన కొంగుతో కళ్లు ఒత్తుకుని మనవరాలి వైపు తిరిగింది.

“అయితే నన్ను మంచిగ జూసుకుంటవా బిడ్డా?”

“చెప్పిన మాట ఇంటేనే తీస్కపోత, బాపమ్మా. కిటికీ సీటు మాత్రం నాది.”

“కిటికీ సీటు ఇయ్యకపోతే నేను రానే రాను,” అంది సులోచన మూతి ముడుచుకుని.

అనుదీప్ కింద జిరాక్స్ షాపులో దిద్దించి తెచ్చిన కాగితాన్ని ఈసారి నలుగురూ తలలు ఆనించి చదివారు. సంరక్షకురాలు అన్నచోట తన పేరు చూసి సులోచన ఒక్క క్షణం నవ్వు మరచిపోయింది. పెళ్లయిన కొత్తలో పుట్టింటికి వెళ్లాలన్నా ఇంటిల్లిపాదినీ అడగాల్సి వచ్చిన మనిషి ఆమె. ఇప్పుడు ఒక పిల్లను సముద్రం దాటించే బాధ్యత అచ్చు అక్షరాల్లో తన పేరు మీద ఉంది. నవత సంతకం చేసి, “మీరున్నరంటే మాకు ఫికర్ లేదు అత్తమ్మా,” అంది. అనుదీప్ కూడా సంతకం పెట్టాడు. ముద్ర పడింది.

తిరిగి వస్తూ చిక్కడపల్లిలో ఆగారు. ఎయిర్‌పోర్టులో చాలా దూరం నడవాల్సి వస్తుందని నవత అత్తగారిని చెప్పుల దుకాణంలోకి తీసుకెళ్లింది. సులోచన ఎర్రటి స్పోర్ట్స్ బూట్లు ఏరుకుంది. కుసుమ మోకాళ్ల మీద కూర్చుని లేసులు కట్టింది. సులోచన చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తి పట్టుకుని దుకాణం ఆ చివర నుంచి ఈ చివరకు నడిచింది. రెండోసారి ఇంకా వేగంగా నడిచింది. విప్పమంటే ఒప్పుకోలేదు.

బయట అనుదీప్ ఆటో మాట్లాడుతుండగా, ఆటో ఎందుకురా అంటూ ఆమె అప్పటికే అశోక్‌నగర్ దారి పట్టింది. జర ఆగు బాపమ్మా అని పిలుస్తూ కుసుమ వెనకాల పరుగెత్తింది.