చేతిలో తినే చేప

సెలూన్‌లో పనిచేసే ఆ మనిషిని వీధంతా కంగారు అనే పిలుస్తుంది. పొద్దస్తమానం పదిమంది మెడల మీద కత్తి పెట్టి చెయ్యి వణక్కుండా గీసే మనిషి, గోడ మీద బల్లి కనిపిస్తే మాత్రం కుర్చీ ఎక్కేస్తాడు. తుమ్ము వస్తే జ్వరమంటాడు, ఫోన్ మోగితే ఎవరో పోయారంటాడు. అలాంటివాడి చేతికి ఒక ప్రాణాన్ని అప్పగించి అక్క ఊరెళ్ళింది.

ఆ ప్రాణం పేరు దొరగారు. సెలూన్ వెనక గదిలో, గాజు తొట్టిలో ఒంటరిగా తిరిగే చిన్న బంగారు చేప. బావ పెంచింది. ఆ సెలూన్ కూడా బావదే, కంగారుకు కత్తి పట్టడం నేర్పిందీ ఆయనే. బావ నీళ్ళలో చెయ్యి పెడితే చాలు, దొరగారు తోకాడించుకుంటూ వచ్చి వేళ్ళ మధ్య నుంచి మేత అందుకునేవాడు. బావ పోయాక మళ్ళీ ఎవరి చేతికీ రాలేదు. అక్క పైనుంచి మేత చల్లి, వాడు తింటుంటే చూస్తూ కూర్చునేది. చివరికి ఆ చూపు కూడా మసకబారింది. కంటి ఆపరేషన్ కోసం కూతురింటికి వెళ్తూ తమ్ముణ్ణి పిలిచింది.

“నువ్వు చేత్తో పెట్టి చూడరా. బావ తెల్ల కోటే వేసుకుంటావు కదా, నీ దగ్గరికి వస్తాడేమో. కట్టు విప్పి తిరిగి రాగానే నేను మొదట చూడాల్సింది అదే.”

వచ్చాడు. మొదటిరోజే వచ్చాడు దొరగారు. తెల్ల కోటు చెయ్యి నీళ్ళలోకి దిగగానే మూల నుంచి కదిలి, కాసేపు అటూ ఇటూ బెట్టు చేసి, వేలి కొస నుంచి మేత లాక్కున్నాడు. కంగారు సగం గడ్డం నురగతో కూర్చున్న మనిషిని వదిలేసి అక్కకు ఫోన్ చేశాడు. అటువైపు ఆమె వెక్కుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత మేనకోడలు ఫోన్ తీసుకుని, “మామయ్యా, అమ్మను ఏడిపించకు, కళ్ళకు మంచిది కాదు,” అని మందలించింది.

ఇక మనవాడికి పట్టపగ్గాల్లేవు. ఒక గడ్డం గీయడం, టవల్‌కు చేతులు తుడుచుకోవడం, వెనక గదిలోకి పరిగెత్తడం. పెట్టినప్పుడల్లా దొరగారు వస్తున్నాడు, అక్క ఫోన్‌లో అడుగుతోంది, ఇతను చెబుతున్నాడు. బతుకులో మొదటిసారి అతనికి భయపడటానికి ఏమీ దొరకలేదు. అదే అనుమానించాల్సిన సంగతి, కానీ అనుమానించలేదు.

ఒక మధ్యాహ్నం మూత తీసి చూస్తే దొరగారి రెక్కలు ఒంటికి అతుక్కుపోయి ఉన్నాయి. ఒంటి మీద పల్చగా, పాలమీద తొరకలా ఏదో తెల్లటి పొర. వాడు ఉన్నట్టుండి రాయికి ఒళ్ళు రుద్దుకుని, పైకొచ్చి నోరు తెరుస్తూ మూస్తూ గాలి కోసం తన్నుకున్నాడు. కంగారు సెలూన్‌లో మనుషులున్న సంగతి కూడా మరిచి, చెప్పులు లేకుండా సందు చివరి పెంపుడు చేపల దుకాణానికి పరిగెత్తాడు.

చేపలావిడ నిదానస్తురాలు. ఒంటి మీద ఉప్పు కల్లంత చుక్కలు ఉన్నాయా అని అడిగింది. ఉన్నాయన్నాడు. దూదిలాంటిది మొలిచిందా? మొలిచిందన్నాడు. పొలుసులు నిక్కబొడుచుకున్నాయా? పొట్ట ఉబ్బిందా? అన్నిటికీ తల ఊపాడు. ఆమె అడిగేకొద్దీ అన్నీ అతని కళ్ళముందు మొలుస్తున్నాయి మరి.

“ఇన్ని రోగాలు ఒకే చేపకు వచ్చాయంటే దాన్ని నాకిచ్చేయండి, జనానికి చూపించుకుంటాను,” అందామె. అతను నవ్వకపోవడం చూసి మెత్తబడింది. జబ్బేదో తెలియకుండా మందు పోయకూడదనీ, ముందు కొంచెం నీళ్ళు మాత్రం మార్చి, కళ్ళతో చూసి రమ్మనీ పంపింది.

నీళ్ళు మార్చాడు. మర్నాడు సెలూన్‌కు సెలవు. తొట్టి ముందు ముక్కాలి పీట వేసుకుని కూర్చున్నాడు. సాయంత్రానికి దొరగారు రెక్కలు కాస్త విప్పాడు. కంగారుకు ప్రాణం లేచొచ్చింది. సెలూన్ తెరిచిన రోజు మళ్ళీ మొదటికొచ్చింది, ఈసారి ఇంకా ఘోరంగా. మొప్పలు ఎర్రబడ్డాయి, ఒళ్ళు ఒకపక్కకు ఒరుగుతోంది. అయినా తెల్ల కోటు చెయ్యి నీళ్ళలోకి దిగితే మాత్రం ఈడ్చుకుంటూ వస్తున్నాడు. మేత అందుకోలేక వదిలేస్తున్నాడు, కానీ వస్తున్నాడు. వాడు చచ్చిపోతే అక్క కొత్త కళ్ళు ఖాళీ తొట్టిని చూస్తాయన్న ఆలోచన అతన్ని వదల్లేదు. ఫోన్‌లో అక్క అడిగితే బాగానే ఉన్నాడన్నాడు.

మళ్ళీ చేపలావిడ దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాడు. సెలవు రోజు కుదుటపడి, పనిరోజు పాడవడం ఆమెకు వింతగా తోచింది. దుకాణం ఎదురింటివాళ్ళకు అప్పగించి వెంట వచ్చింది. వచ్చేసరికి బస్సు డ్రైవరొకాయన గడ్డం కోసం కూర్చుని ఉన్నాడు. ముందు ఆయన పని కానివ్వమని, తను బల్ల మీద కూర్చుంది. కంగారు గడ్డం గీశాడు. పటిక రుద్దాడు. లోషన్ అరచేతిలో పోసుకుని చెంపలకు పట్టించాడు. టవల్‌కు చేతులు తుడుచుకున్నాడు. వెనక గదిలోకి నడిచి, తొట్టి మూత తీసి, చెయ్యి లోపల పెట్టబోయాడు.

“ఆగండి. ఆ చెయ్యి ఇలా ఇవ్వండి.”

ఆమె అతని వేళ్ళు వాసన చూసి మొహం పక్కకు తిప్పుకుంది. ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది. లోషన్, స్పిరిట్, పటిక, పౌడర్, జుట్టు రంగు, అన్నీ ఆ వేళ్ళ మీదే ఉన్నాయి. దొరగారికి రోగం లేదు. ఉన్న రోగమల్లా తన చెయ్యే. వాడు మేత కోసం వచ్చినప్పుడల్లా ఒళ్ళు మండించి పంపాడు. మండినా వాడు మళ్ళీ వచ్చాడు.

అప్పుడు గుర్తొచ్చింది అతనికి. బావ మేత పెట్టే ముందు కుళాయి దగ్గర నిలబడి, సబ్బు కూడా ముట్టకుండా చేతులు కడిగేవాడు, కడిగేవాడు, కడిగేవాడు. “చేతులు అరిగిపోతాయి బావా,” అని ఇతనే వెక్కిరించేవాడు. బావ ఎందుకు కడుగుతున్నాడని ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు. ఆ మాట తలుచుకుని పీట మీద కూలబడి ఏడ్చాడు.

చేపలావిడ అతన్ని ఏడవనిచ్చి తన పని తాను చేసుకుంది. కొత్త నీళ్ళను తొట్టి నీళ్ళంత వెచ్చగా చేసి కొంచెం కొంచెంగా మార్చింది. నీళ్ళలోని మందుల వాసన పీల్చేందుకు ఫిల్టర్‌లో బొగ్గు సంచి పెట్టింది. గాలి బుడగలు పెంచింది. కొన్నాళ్ళు మేత ఆపేయమంది. చెయ్యి పెట్టడం కాదు కదా, మూత కూడా ముట్టుకోవద్దని గట్టిగా చెప్పింది. “బతుకుతాడా?” అని అడిగితే, తెలియదంది.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో అతనికే తెలియాలి. గడ్డం గీస్తూ గీస్తూ వెనక గది వైపు చెవి పెట్టేవాడు, చేప అరుస్తుందన్నట్టు. తల దువ్వుకోవడానికి అద్దంలో చూసుకున్నా తొట్టే కనిపించేది. పొర కొద్దికొద్దిగా విడిపోయింది. రెక్కలు విచ్చుకున్నాయి. పైనుంచి చల్లిన మేత తిన్నాడు. కానీ తెల్ల కోటు గాజు దగ్గరికి వస్తే చాలు, వెనక్కి తగ్గి రాయి చాటుకు పోతున్నాడు. బతికాడన్న సంతోషం కూడా కంగారుకు పూర్తిగా దక్కలేదు.

అక్క నల్ల కళ్ళద్దాలతో దిగింది. పెట్టె సెలూన్ గుమ్మంలోనే వదిలి నేరుగా వెనక గదిలోకి నడిచి, అద్దాలు తీసి తొట్టి ముందు కూర్చుంది. దొరగారి తోక మీద నల్లటి గీత ఉందని ఇప్పుడే చూస్తున్నానంది. తర్వాత, మేత పెట్టమన్నట్టు తమ్ముడి వైపు తిరిగింది.

“నేనే వాణ్ణి చంపబోయానక్కా,” అన్నాడు కంగారు. చేతుల సంగతీ, ఫోన్‌లో ఆడిన అబద్ధం సంగతీ ఒక్క ఊపిరిలో చెప్పేశాడు.

“దొరగారికి ముందు ఇంకో చేప ఉండేది,” అంది అక్క. “మీ బావ చేతిలోనే పోయింది, ఇలాగే. ఎవరికీ చెప్పొద్దన్నాడు, నీకైనా నేను చెప్పి వెళ్ళాల్సింది. ఆ కడుగుడంతా భయంరా.”

బావ భయపడతాడని కంగారుకు ఎప్పుడూ తోచలేదు. లేచి కుళాయి దగ్గరికి వెళ్ళాడు. చేతులు చల్లబడి ముడతలు పడేదాకా కడిగాడు. వాసన చూసుకున్నాడు. మళ్ళీ కడిగాడు. వేళ్ళ మధ్య మేత పట్టుకుని చెయ్యి నీళ్ళలోకి దించాడు. దొరగారు రాయి చాటుకు పోయాడు.

వాడు మళ్ళీ నమ్మి వస్తాడేమోనని కంగారుకు ఒక భయం, రాడేమోనని ఒక భయం. చెయ్యి లాగేసుకోబోయాడు.

“తీయకు,” అంది అక్క.

చెయ్యి మొద్దుబారింది. మేత నాని మెత్తబడింది. రాయి పక్క నుంచి ముందు మూతి కనిపించింది, తర్వాత ఒక కన్ను. దొరగారు కొంచెం ముందుకొచ్చి ఆగాడు, మళ్ళీ కొంచెం వచ్చాడు. వేలికి చిన్న నోరు తగలగానే, ఎంత కత్తి పట్టినా వణకని ఆ చెయ్యి వణికింది. అతను దాన్ని అక్కడే ఉంచాడు.