ఆల్బమ్‌కు ఆఖరి మెరుగు

ఎనిమిది మంది పంపిన ఎనిమిది రీమిక్సులు విన్నాక నాకు అనిపించింది ఒక్కటే. ఈ కాలం పిల్లలకు చెవులు లేవు.

అన్నీ బ్రేక్‌బీట్లే. అంటే డప్పు దరువును ముక్కలు చేసి, వేగం పెంచి, అడ్డదిడ్డంగా అతికించి, కింద గుండెలదిరే బేస్ పెట్టడం. బరాత్‌లో వేస్తే పెళ్లికొడుకు గుర్రం దిగి పారిపోతాడు, అంత చీకటిగా ఉంటాయి. నాకూ అదే ఇష్టం. కానీ పైన గలగలమనాల్సిన తాళాల చప్పుడు ఒక్కదాంట్లోనూ లేదు. పాటలన్నీ ముసుగుతన్ని పడుకున్నాయి.

వాటిని ఒక్క ఆల్బమ్‌గా కూర్చి ఆఖరి మెరుగు పెట్టడం నా పని. ఇరవై ఏళ్లు బోనాలకీ, గణపతులకీ, బరాత్‌లకీ డీజే బండ్ల మీద స్పీకర్ల మధ్య నిలబడ్డాను. నడుము పోయింది, మోకాళ్లు పోయాయి. ఈ ఆల్బమ్ కుదిరితే ఇక బండి ఎక్కక్కర్లేదు, కుర్చీలో కూర్చుని ఇదే పని చేసుకుని బతకొచ్చు. నాకు మిగిలిన ఆస్తి చెవులే.

మోండా మార్కెట్‌లో గిన్నెల దుకాణం పైన నా గది. వారమంతా అక్కడే కూర్చుని, తిట్టుకుంటూ ఒక్కో పాటకూ తాళాలు పెంచాను. ఇంటికెళ్తే నా భార్య ప్రేమమణిది ఇంకో గోల.

"కుక్కర్ కూతలు పెడుతుంటే సోఫాల కూసుంటవ్. బంద్ చేయనీకి చేతులు లేవా?"

అది కూయకపోయినా నన్ను తిట్టడం ఆమెకు ఈ మధ్య అలవాటైంది.

శనివారం సాయంత్రం సృజన వచ్చింది. ఎనిమిది పాటల్లో ఒకటి ఆమెది. పగలు బేగంపేటలో ఆఫీసు ఉద్యోగం. ఆమె పాటకు నేను పెట్టిన మెరుగు వినిపించాను. రెండు చేతులతో చెవులు మూసుకుంది.

"ఏందన్నా ఇది! చెవులల్ల సూదులు గుచ్చినట్టుంది."

"నువ్వు తాళాలు పెట్టుడు మర్చిపోయినవ్. నేను పెట్టిన."

"మర్చిపోలే. ఉన్నయ్ గద."

తను పంపిన అసలు పాట పెట్టింది. "ఇగో, ఇక్కడ," అంటూ ఆమె వేలు గాలిలో చకచకా ఆడింది. ఆ వేలికి తగ్గ చప్పుడేదీ నాకు వినిపించలేదు. మిగతావన్నీ ఆపేసి తాళాలొక్కటే ఉంచింది. కంప్యూటర్ తెర మీద గీత ఎగిరెగిరి పడుతోంది. నాకు మాత్రం కింద బజార్లో బేరాల అరుపులు తప్ప ఏమీ వినిపించడం లేదు.

"వినబడుతలేదా అన్నా?"

ముందు కోపమొచ్చింది. స్పీకర్ మీద, వైర్ల మీద, ఆ పిల్ల మీద. తర్వాత భయమేసింది. ఆ భయం కూడా ఎక్కువసేపు నిలవలేదు, అంత అలిసిపోయి ఉన్నాను. కుర్చీలోంచి లేచాను.

"కూసో. అన్నిట్ల తాళాలు నువ్వే తగ్గియ్యి."

"నేనా? ఆల్బమ్ మీద నీ పేరు గద ఉండాల్సింది."

"చెవులు ఎవరియైతే పేరు వాళ్లదే."

ఆమె కుర్చీ అంచున కూర్చుంది. నేను మెట్లు దిగి వచ్చేశాను.

ఇంట్లో ప్రేమమణి కుక్కర్ ఎక్కించి, ముందు గదిలో బట్టలు మడతపెడుతోంది. తిన్నగా వంటగదిలోకి వెళ్లి స్టవ్ ముందు నిలబడ్డాను.

"ఇయ్యాల చెప్పకముందే పోయినవ్, ఏందీ కథ?" అని అరిచింది. "మూడు కూతలైతే బంద్ చెయ్!"

ఆవిరి పైకి కొట్టింది. కూత సన్నగా, పక్కింట్లోంచి వచ్చినట్టు వినిపించింది. ఒకటి, అనుకున్నాను. రెండోది ఆవిరిని చూసే లెక్కపెట్టుకున్నాను. మూడోదానికి ఆమె వచ్చి గుమ్మంలో నిలబడింది. నా కళ్లు ఎక్కడున్నాయో చూసింది.

నేను స్టవ్ కట్టేశాను. ఆమె ఏదో అంది.

"ఏమన్నవ్?"

ఈసారి అరవలేదు. దగ్గరికొచ్చి, నా చెవి పక్కన నోరు పెట్టి అడిగింది.

"ఎన్ని దినాల సంది గిట్ల?"