మెట్ల కింది అభిమాని

నీలం జట్టు గోల్ కొడితే స్టాండంతా లేచి నిలబడుతుంది. పక్కవాడెవడో తెలియకపోయినా వాటేసుకుంటారు. ఆ జట్టంటే ప్రాణం పెట్టే వెల్డరు మాత్రం ఆ గోల్ చూడడు. ఆ సమయానికి అతడు మెట్ల కింద, మరుగుదొడ్ల గోడ పక్కన, సిమెంటు స్తంభానికి వీపు ఆనించి నిలబడి ఉంటాడు. అతణ్ణి అక్కడికి పంపేది అతని మనుషులే.

మొదట్లో అది సరదా. ఒక వానాకాలపు ఆటలో జట్టు ఓడిపోతూ ఉండగా అతడు ఒంటేలుకని లేచి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి స్టాండు ఊగిపోతోంది. సరిగ్గా అతడు లేని ఆ కాసేపట్లోనే గోల్ పడింది. పక్కన కూర్చున్న బావమరిది, సిటీ బస్సు కండక్టరు, అతని భుజాలు పట్టుకుని కుదిపాడు.

"బావా, నీకు పుణ్యముంటుంది, ఇంకోసారి పోసుకుని రా!"

వెనక వరసలన్నీ నవ్వాయి. అతడూ నవ్వి, మళ్ళీ వెళ్ళాడు. రెండో గోల్ కూడా పడింది. అంతే, ఆ రోజుతో అతని రాత ఖాయమైపోయింది. తర్వాత ఆటల్లో జట్టు ఇరుకున పడ్డప్పుడల్లా రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన తాత జేబులోంచి పచ్చ రుమాలు తీసి, బండి వదిలినట్టు ఊపేవాడు. వరసంతా "వెల్డరు బయటికి! వెల్డరు బయటికి!" అని అరిచేది. అతడు మోకాళ్ళ మధ్యనుంచి దారి చేసుకుంటూ, తలొంచుకుని మెట్లు దిగేవాడు.

గొడుగు తీసుకెళ్ళడం మరిచిపోయినా తనవల్లే వాన వచ్చిందనుకునే మనిషి అతడు. నవ్వేవాళ్ళు నవ్వి మరిచిపోయేవారు. అతడికి మాత్రం అది లోపలికి దిగింది. కొన్నిసార్లు అతడు బయట ఉన్నా గోల్ పడేది కాదు. అప్పుడు, ఇంకా ముందే లేవాల్సింది అనుకునేవాడు.

మెట్ల కింద నిలబడితే ఆట వినిపిస్తుంది. బంతి గోల్ పక్కనుంచి పోతే పైన అరుపు ఎక్కి ఎక్కి, కొమ్మ విరిగినట్టు పుటుక్కున తెగుతుంది. గోల్ పడితే అరుపు తెగదు. అడుగుల దెబ్బకి మెట్ల సందుల్లోంచి ఇసుక రాలి నెత్తిన పడుతుంది. అవతలి జట్టు కొడితే కరెంటు పోయినట్టుంటుంది. ఎక్కడో ఒక మూల మాత్రం గుప్పెడు మంది గంతులు.

ఈ మధ్య కరెంటు పోవడమే ఎక్కువైంది.

జట్టు ఒక్కరోజులో పాడవలేదు. గిట్టకి పుండు పడ్డ ఎద్దు ముందు నడక మారుస్తుంది, తర్వాతే కుంటుతుంది. జట్టు నడక మారినప్పుడే అతడు కనిపెట్టాడు. బంతి అందినవాడు ముందుకి చూడ్డం మానేసి వెనక్కి తన్నడం మొదలెట్టాడు. "తప్పు చెయ్యకూడదని ఆడుతున్నారు, గోల్ కొట్టాలని కాదు," అనేవాడు బావమరిదితో. ఎడమవైపు వెనక ఆడేవాడికి కుడికాలు ఉత్త అలంకారం. ముందు ఆడే పొడుగువాడు కింద పడితే బంతికేసి కాక రిఫరీకేసి చూస్తాడు. బంతికేసి చూసేవాడికైతే లేవాలని ఉంటుంది. గోల్‌కీపరుకి వయసు మీద పడింది, నిజమే. కానీ ఆ మనిషిని ఎవరైనా ఒక్క మాట అంటే అతడు ఊరుకునేవాడు కాదు. "ఎదరున్న పదిమందీ వదిలేసింది ఆయనొక్కడు పట్టుకోవాలా?" అనేవాడు. తన వెల్డింగు దుకాణంలో గేటుకి చువ్వలు అతుకుతూ, మెరుపు పడకుండా నల్లటి చేతి అద్దం మొహానికి అడ్డం పెట్టుకుని, ఎవరూ వినకపోయినా ఈ మాటలు తనలో తను అనుకుంటూనే ఉండేవాడు.

అతని భార్యకి ఆట పట్టదు. ఆట రోజున ఇంటికొచ్చిన మొగుడి మొహం చూసి, "పాపం, మీవాళ్ళు మళ్ళీ పోటీ జట్టుకి సాయం చేసొచ్చారా?" అనేది. అతడు ఉడుక్కునేవాడు. ఆ ఉడుకుమోతుతనం చూడ్డానికే అడిగేది ఆవిడ.

ఆ ఏడు జట్టు అట్టడుగున పడింది. ఆ ఏడే ఆవిడ మంచాన పడింది.

పెద్దాసుపత్రిలో కోసి చూసి మళ్ళీ కుట్టేశారు. "ఇంటికి తీసుకెళ్ళి, ఏం కావాలంటే అది పెట్టండి," అన్నాడు డాక్టరు. ఆ మాటకి అర్థం అక్కడ ఎవరూ అడగలేదు. ఇంటికి తెచ్చి ముందుగదిలో కిటికీ పక్కన మంచం వేశారు. ఆవిడ అక్క, అతనికి వదిన, వచ్చి సాయంగా ఉంది. గదికి ఆనుకునే అతని దుకాణం.

తెచ్చిన రోజు అతడే మంచం మీద కూర్చుని చెంచాతో పాలు పట్టాడు. తాగినవన్నీ ఆవిడ కక్కేసింది. మర్నాడు ఒక గేటు బిగించే పని మీద అతడు బయటికి వెళ్ళాడు. వచ్చేసరికి గ్లాసు ఖాళీగా ఉంది.

"మొత్తం తాగింది మరిదీ! కడుపులో నిలిచాయి కూడా," అంది వదిన మొహం ఇంత చేసుకుని.

అతడు ఖాళీ గ్లాసు చేతిలోకి తీసుకుని మురిసిపోయాడు. ఆ ఆనందం వెనకే ఒక అనుమానం లోపలికొచ్చి కూర్చుంది. ఆ సాయంత్రం కావాలనే గదిలోకి వెళ్ళాడు. ఆవిడకి ఒళ్ళు వెచ్చబడింది. దుకాణంలోకి వచ్చి కూర్చున్నాడు. కాసేపటికి వదిన వచ్చి, చెమట పట్టింది, జ్వరం తగ్గిందంది.

ఇక అతడు లోపలికి పోవడం మానేశాడు. గుమ్మానికి వేసిన తెర వెనక నిలబడేవాడు. ఆవిడ దగ్గూ, మూలుగూ, చెంచా గ్లాసుకి తగిలే చప్పుడూ వింటూ, లోపలేం జరుగుతోందో పోల్చుకునేవాడు. ఎవరికీ చెప్పలేదు. చెప్పుకుంటే నవ్వుతారని కాదు. నవ్వి, లోపలికి తోస్తారని.

"ఏం మనిషివయ్యా నువ్వు?" అని వదిన ఒకరోజు దుకాణంలోకే వచ్చి నిలదీసింది. "అది గుమ్మంకేసి చూసి చూసి కళ్ళు మూసుకుంటోంది. నీ పెళ్ళామేగా, పరాయిదా?"

"పనుంది వదినా."

"నువ్వు అతికే ఆ ఇనుము రేపటికి కుళ్ళిపోతుందా?"

అతడు చేతి అద్దం మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. "అటు చూడకు వదినా, కళ్ళు పోతాయి," అని మంట రగిలించాడు. వదిన మొహం తిప్పుకుని వెళ్ళిపోయింది. అద్దం వెనక అతడికి ఇనుము కరగడం సరిగ్గా కనిపించలేదు. ఆ అతుకు మర్నాడు ఊడదీసి మళ్ళీ వెయ్యాల్సి వచ్చింది.

ఏడాదిలో ఆఖరి ఆట వచ్చింది. గెలిస్తే జట్టు పై లీగులో ఉంటుంది. గెలవకపోతే కింది లీగు. మధ్యాహ్నం బావమరిది నీలం చొక్కా తొడుక్కుని దుకాణానికి వచ్చాడు.

"లే బావా. తాత అప్పుడే క్యూలో నిలబడ్డాడు. రుమాలు ఉతికించుకుని మరీ వచ్చాడు."

"నేను రాను."

"ఏంటి? ఇవాళా?"

"మెట్ల కింద నిలబడితే చాలట్లేదురా. ఈమధ్య అదీ పనిచెయ్యట్లేదు. నేను అసలు ఆ ఛాయలకే రాకపోతే గెలుస్తారేమో."

బావమరిది పకపకా నవ్వాడు. "నీ పిచ్చి పాడుగాను! అయితే ఇంట్లోనూ అందుకేనా, అక్క గదిలోకి పోకుండా దుకాణంలో కాపరం పెట్టావట? పెద్దక్క చెప్పింది."

వాడు ఊరికే అన్నాడు. అతడు వేళ్ళకంటిన మసి తుడుచుకుంటూ ఉండిపోయాడు. బావమరిది నవ్వు సగంలో ఆగింది.

"బావా... నిజంగానా?"

"నేను లేనప్పుడే తాగుతోందిరా. నేనుంటే కక్కేస్తోంది. చూశాను. ఒకసారి కాదు."

దుకాణానికీ గదికీ మధ్య ఉన్నది పల్చటి గోడ. పైన గాలికి వదిలిన సందు. లోపలినుంచి ఆవిడ గొంతు వినిపించింది. చాలా రోజుల తర్వాత అంత గట్టిగా పిలిచింది.

"ఒరేయ్ తమ్ముడూ, ఆయన్ని ఇలా పంపు. నువ్వు నీ ఆటకి పో."

అతడు తెర పక్కకి తీసి గుమ్మంలో నిలబడ్డాడు. ఆవిడ చేతులు దుప్పటి మీద, ఎండిన చిక్కుడు కాయల్లా ఉన్నాయి. తెర వెనకనుంచి వినడానికీ కళ్ళారా చూడ్డానికీ ఇంత తేడా ఉంటుందని అతడనుకోలేదు.

"ఇన్నాళ్ళూ నేనేమనుకున్నానో తెలుసా?" అంది ఆవిడ. "నా దగ్గర కంపు కొడుతోందేమో, అందుకే రావట్లేదనుకున్నాను. అక్క చేత రోజూ రెండుసార్లు దుప్పటి మార్పించాను. పౌడరు రాయించుకున్నాను."

అతడు తెర అంచుని పిడికిట్లో నలుపుతున్నాడు.

"ఇలా రండి. కూర్చోండి."

"పాలు తాగావా?"

"తాగాను. కక్కితే కక్కుతాను. కూర్చోండి ముందు."

అతడు మంచం అంచున, పరాయి ఇంట్లో కూర్చున్నట్టు కూర్చున్నాడు. ఆవిడ అతని చేతిని లాక్కుని తన పొట్ట పక్కన పెట్టుకుంది.

"ఇవాళ మీరు అక్కడ లేరు. మీరే అడ్డమైతే మీవాళ్ళు గెలవాలి. అవునా?"

"అవును."

"చూద్దాం."

మైదానం నాలుగు వీధుల అవతల. గాలి ఇటు తిరిగితే అరుపులు ఇంటిదాకా వస్తాయి. వదిన కిటికీ రెక్కలు బార్లా తెరిచి, గోడకి చేరగిలబడి కూర్చుంది. ఆట మొదలైంది. అతడు చెవులు రిక్కించాడు.

"ఏమంటున్నారు?" అంది ఆవిడ.

"కార్నర్ వచ్చింది. చప్పట్లు లెక్కగా పడుతున్నాయి చూడు. అదిగో... పోయింది. పక్కనుంచి పోయింది."

"మీకెలా తెలుసు?"

"తెగింది కదా అరుపు."

"ఎన్నేళ్ళు ఆ మెట్ల కింద నిలబడ్డారేంటి, పిచ్చి మారాజా," అంది ఆవిడ. నవ్వబోయి, నొప్పికి పెదవి కరుచుకుంది. అతడు లేవబోయాడు. ఆవిడ చెయ్యి వదల్లేదు.

తర్వాత మైదానంలో కరెంటు పోయింది. ఎక్కడో గుప్పెడు మంది గంతులు. అతడు చెప్పలేదు, ఆవిడ అడగలేదు. చాలాసేపటికి ఇల్లంతా అదిరేలా అరుపొచ్చింది. తెగలేదు. వదిన ఉలిక్కిపడి లేచి కూర్చుంది. "కొట్టారు!" అన్నాడతడు, కళ్ళు మెరుస్తూ. ఆవిడ కిటికీకేసి కాదు, అతని మొహంకేసి చూస్తోంది. ఒక గోల్ పడ్డప్పుడు ఆ మొహం ఎలా ఉంటుందో ఆవిడ చూడ్డం అదే మొదలు. నిజానికి ఇన్నేళ్ళలో ఎవరైనా చూడ్డం అదే మొదలు.

ఇంకొక్కటి చాలు. అతడు ఆవిడ వేళ్ళు నొక్కుతూ కూర్చున్నాడు. అరుపు ఎక్కింది, తెగింది. మళ్ళీ ఎక్కింది, తెగింది. ఆ తర్వాత ఇంక ఏమీ వినిపించలేదు. కాసేపటికి కిటికీ పక్కనుంచి జనం నడిచిపోతున్నారు. ఒక్కడూ మాట్లాడటం లేదు. చెప్పుల చప్పుడు మాత్రమే.

బావమరిది వచ్చి గుమ్మంలోనే చతికిలబడ్డాడు. ఏడ్చి కళ్ళు జ్యోతుల్లా ఎర్రబడ్డాయి.

"అయిపోయింది బావా. ఆఖర్లో పొడుగువాడికి ఖాళీ గోల్ దొరికింది. పైకి తన్నాడు. తాత రుమాలుతో మొహం కప్పుకుని ఏడ్చాడు."

"గోల్‌కీపరు?"

"అందరూ లోపలికి పోయాక కూడా ఒక్కడే పచ్చిక మీద కూర్చున్నాడు."

ఆవిడ మాత్రం కేసు గెలిచినదానిలా అతనికేసి తిరిగింది. "విన్నారా? మీరక్కడ లేరు. అయినా ఓడారు. వాళ్ళకి ఆడటం రాదు, అంతే. మీరేమీ చెయ్యలేదు."

"నేను సరదాకన్నాను బావా," అన్నాడు బావమరిది, ఎవరూ అడక్కుండానే. "మొదటి రోజు. ఉత్త సరదాకి."

అతడు తల ఊపాడు. ఆవిడ ఓదార్చాననుకుంది. అతడికి 'మీరేమీ చెయ్యలేదు' అన్న ఆ మాట ఛాతీలో ఇనుపచువ్వలా దిగింది. తను అడ్డమే అయ్యుంటే, గుమ్మం అవతల నిలబడ్డ ఆ రోజులన్నీ ఆవిడ కోసం ఇచ్చిన రోజులయ్యేవి. తను ఏమీ కాడు. వచ్చినా, పోయినా, పాలు వాటి ఇష్టానికే నిలిచాయి. జ్వరం దాని ఇష్టానికే తగ్గింది. ఆ రోజులు ఎవరికీ ఇవ్వలేదు, పారేశాడు. ఆవిడ పౌడరు రాయించుకుని గుమ్మంకేసి చూసిన రోజులవి. అతడు ఏడుస్తుంటే అందరూ జట్టు కోసమే అనుకున్నారు. అతడు అలాగే అనుకోనిచ్చాడు.

"ఊరుకోండి," అంది ఆవిడ. "కింది లీగులో మాత్రం ఆట ఉండదా? వచ్చే ఏడు ఎవరితో ఆడతారు?"

అతడు ముక్కు తుడుచుకుని చెప్పడం మొదలుపెట్టాడు. ఓడరేవు జట్టు ఉంది, మొరటుగా ఆడతారు. గని పనివాళ్ళ జట్టుంది. వాళ్ళ మైదానం ఒకవైపు ఏటవాలు, రెండో సగంలో బంతి దానంతటదే దొర్లుతుంది. పొడుగువాణ్ణి ఎవరైనా కొనుక్కుపోతే పీడా పోతుంది. గోల్‌కీపరుని మాత్రం ఉంచుకోవాలి. ఆవిడ మధ్యమధ్య "ఊఁ" అంటోంది. అంత ఆట సంగతి ఆవిడ ఏనాడూ వినలేదు.

వదిన పాలు వెచ్చబెట్టి తెచ్చింది. అతడే చెంచా అందుకున్నాడు. నాలుగు చెంచాలు దిగాయి. అయిదోదానికి ఆవిడ మెడ సాగింది, అన్నీ బయటికి వచ్చేశాయి. అతని చెయ్యి మీదా, చొక్కా మీదా పడ్డాయి. లేవడానికి కాళ్ళు వాటంతటవే నేలకి ఆనాయి. వదిన గుడ్డ తెచ్చి, "లే మరిదీ, తుడుస్తాను, కాసేపలా బయటికెళ్ళు," అంది.

"నువ్వు తుడువు వదినా," అన్నాడతడు. లేవలేదు.